తరువాత చూతము

చోడవరము,
విశాఖపట్నము జిల్లా.

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

మన యూరు 2022 ఏప్రిలులో అనకాపల్లి జిల్లాలో చేరినను, ఈ ముసలిచేయి విశాఖపట్నమనియే వ్రాయుచున్నది, మన్నింపుము. నీవును నీ స్నేహితులును కూడి, పిల్లలకును పడుచువారికిని కథలు వ్రాయ నేర్పుటకై ఒక చిన్న సంస్థను నెలకొల్పితిమనియు, వచ్చు నెలలో ప్రారంభసభ జరుపనున్నామనియు, దానికి అధ్యక్షులుగా ఎవరిని పిలువవలెనో, శాలువలు ఎన్ని కొనవలెనో తెలుపుమనియు వ్రాసితివి. శాలువల సంగతి తుదిని చెప్పెదను. అంతకుముందు, ఇట్టి సంస్థలను నడుపువారిని గూర్చి నేను నష్టపడి తెలిసికొన్నది కొంత వినుము.

నా యిరువదియైదవ యేట మేమును అయిదారుగురము చేరి ఈ యూరనే ఒక సాహిత్యసంఘమును పెట్టితిమి. స్వయంభూ విఘ్నేశ్వరుని కోవెలలో కొబ్బరికాయ కొట్టి, బెల్లపు వర్తకులకడ చందాలు దండి, వచ్చినదంతయు మైకునకును, పూలదండలకును, అతిథుల రాకపోకలకును, శాలువలకును వెచ్చించితిమి. మూడవ సభనాడు, నాకంటె ఆరేడేండ్లు చిన్నవాడైన చెఱకు రైతు కొడుకొకడు, చుట్టగా చుట్టిన నోటుపుస్తకమును చేత పట్టుకొని, కడపటి బల్లమీద కూర్చుండి, అయిదుగురు వక్తల ప్రసంగములను, రెండు సన్మానములను, వందనసమర్పణమును ఆసాంతము వినెను. అందులో తాను వ్రాసిన కథ యున్నదని సభకు ముందే నాతో చెప్పియుండెను. "తరువాత చూతము" అంటిని. తరువాత ముఖ్య అతిథిని బస్సెక్కించుటకు పోతిని. తిరిగి వచ్చునప్పటికి బల్లలు ఒక మూలకు చేర్చుచుండిరి, అతడు లేడు. మఱి యెన్నడును రాలేదు. రెండేండ్లకు లెక్కల తగవు పుట్టి సంఘము మూతపడినది. దానికి నేనంతగా వగవలేదు. ఆ నోటుపుస్తకమును తెఱవనైతినే యను చింత మాత్రము నేటికిని వదలలేదు.

పరుల కథలను ఆదరించుట యెట్లో తెలియుటకు శ్రీకాకుళములోని కథానిలయమును ఒకసారి చూచి రమ్ము. కాళీపట్నం రామారావుగారు విశాఖపట్నములో బడిపంతులుగా బ్రదుకు వెళ్ళదీసినవారు. 1964లో వెలువడిన 'యజ్ఞం' కథతో ఖ్యాతి పొంది, 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమందినవారు. అంతటివారు, పురస్కారముల వలన వచ్చిన ధనమును తమకై దాచుకొనక, 1997 ఫిబ్రవరి 22వ తేదీన ఆ నిలయమును తెఱచి, తెలుగున అచ్చయిన కథలన్నిటిని ఒక్క కప్పు క్రిందికి చేర్చవలెనని పాత పత్రికలను కూడబెట్టుచు, 2021 జూనులో తొంబదియారేండ్లు నిండి కన్నుమూయువరకు, ఎవరెవరివో కథలను తమ బిడ్డలవలె సాకిరి. చేతివ్రాత ప్రతులతో తమ కడకు వచ్చిన పడుచువారికి 'కారా మాస్టారు'గానే నిలిచిరి. అయితే ఒక్కటి గమనింపుము: ఆయన మొదట వ్రాసి, ఆ పిమ్మట సాకినవారు. నీవు వ్రాసినవి నేనెఱిగినంతలో మూడు కథలు. పరుల వ్రాతకు పందిరి వేయుచున్నానను పేర తన వ్రాతను తప్పించుకొనుట సంస్థలు నడుపువారికి తఱచుగా కలుగు జాడ్యము; అది చూచుటకు త్యాగమువలె నుండును గనుక దానిని పోల్చుకొనుట కష్టము. వారమునకు రెండు ఉదయములు నీ సొంత కాగితమునకు విడిచిపెట్టుము.

ఇక పిల్లల వ్రాతను దిద్దుట. మన జిల్లా యెస్.రాయవరమున 1862లో పుట్టిన గురజాడవారు 1910లో 'దిద్దుబాటు' కథ వ్రాసిరి. గిడుగువారు వాడుకభాషకై యావజ్జీవము పోరాడిరి. రావిశాస్త్రిగారు విశాఖ కోర్టులలోను వీథులలోను వినబడు పలుకును కథకెక్కించిరి. నేను మాత్రము, నీవు చూచుచున్నట్లే, చిన్ననాడు అబ్బిన ఈ గ్రాంథికమును విడువలేకున్నాను. దీనిని పిల్లలచేత వ్రాయింపకుము. ఒక బిడ్డ "అమ్మ ఎల్లిపోనాది" అని వ్రాసినచో దానిని "తల్లి వెడలిపోయినది" అని సవరించితివా, అక్షరము శుద్ధమగును గాని యేడుపు ఇంకిపోవును. మన వైపు బెల్లము వండువారిని చూచినదానవే గదా: పైకి తేలిన మడ్డిని మాత్రమే తీయుదురు, తెల్లగా రావలెనని రసమునే పాఱబోయరు. ఏది మడ్డియో తెలియనప్పుడు గరిటె క్రింద పెట్టి, ఆ బిడ్డచేతనే మరల చదివించి వినుము.

లెక్కలను గూర్చి సిగ్గుపడక మాటలాడుకొనుడు. సంస్థను 2001 నాటి సొసైటీల చట్టము క్రింద నమోదు చేయించుటకు ఏడుగురు వలయును. ఆ ఏడుగురు కాగితముమీది పేర్లు కాక, వానకాలమునను వచ్చి తలుపు తెఱచువారై యుండవలెను. నూఱు రూపాయలకైనను రసీదు వ్రాయుడు. చెక్కుమీద ఇద్దరు సంతకము చేయుడు. ఏటేట పద్దులను ఆడిటరునకు చూపి, గోడకు అంటింపుడు. మా తగవు దొంగతనము వలన పుట్టలేదు. వ్రాసి యుంచని డెబ్బది రూపాయల వలన పుట్టినది. ఒకే ధనవంతుని యైదువేలకంటె ఏబదిమంది యిచ్చిన నూఱేసి మేలు; గోవాడ చక్కెర కర్మాగారము సహితము చెఱకు రైతుల వాటాలతో లేచినదే గదా. కోశాధికారిగా కవిత్వము చదువు కోరిక లేనివానిని ఎన్నుకొనుడు. ఒక్కరే తాళపుచెవి మోసినచో, ఎంత ప్రేమతో మోసినను, మూడవ యేటికి ఆ ప్రేమ విసుగగును; కావున వంతులు వేసికొనుడు.

శాలువలు ఎన్ని యంటివి, ఒక్కటియు వలదు. అధ్యక్షులును వలదు. ఆ సొమ్ముతో ఏడాది గది అద్దెకు సగమైనను సమకూరును. చెప్పిన ఆదివారము, చెప్పిన గంటకు తలుపు తీసి, ఇద్దరే వచ్చినను ఆ యిద్దరితోనే మొదలిడుము. నీవు తలుపు దగ్గఱ కాక కడపటి బల్లకడ కూర్చుండుము.

నాటి కుఱ్ఱవాడు నేడు నావలెనే కఱ్ఱ పట్టుకొని ఈ పరిసరములనే తిరుగుచుండవచ్చును; అతని మనుమరాలు నోటుపుస్తకముతో మీ గదికి వచ్చినను రావచ్చును. ఎవరు వచ్చినను, ఎంత పని తొందర యున్నను, "తరువాత చూతము" అనకుము.

ఇట్లు,
నీ మేనమామ