128 జీబీ అని చూపిస్తుంది, దాచుకునేది 7.4 జీబీయే: నకిలీ మెమరీ కార్డుని ఇంట్లోనే పట్టుకోవడం ఎలా?

చోడవరంలో మా మావయ్యకి కిరాణా షాపు ఉంది. గుమ్మం మీద వై-ఫై కెమెరా బిగించింది నేనే, అందులోకి 128 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు ఆన్‌లైన్‌లో కొన్నదీ నేనే. పేరున్న బ్రాండ్ లోగో, 499 రూపాయలు, నాలుగున్నర స్టార్ రేటింగ్. మూడు నెలలు ఏ గొడవా లేదు. యాప్‌లో "రికార్డింగ్" అని, 128 జీబీ అని చక్కగా చూపించేది.

ఒక గురువారం రాత్రి షాపు ముందు పెట్టిన బండి పోయింది. స్టేషన్‌లో ఫుటేజ్ ఉంటే తెమ్మన్నారు. శుక్రవారం పొద్దున్నే మావయ్య ఫోన్ చేశాడు. "ఒరే, డేట్లన్నీ ఉన్నాయి గానీ నొక్కితే బొమ్మ రాదేట్రా?"

వీకెండ్‌కి ఊరెళ్ళి కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాను. పన్నెండు రోజుల ఫైళ్ళు ఉన్నాయి. ప్లే అయినవన్నీ కలిపితే ఒక్క రోజు కూడా లేదు, అదీ గురువారానిది కాదు. బండి ఇప్పటికీ దొరకలేదు. బీటెక్ చదివి, రోజూ కోడ్ రాసే నేను 128 అన్న నంబర్ చూసి నమ్మేశాను. అందుకే ఈ ఆర్టికల్ కొంచెం వివరంగా రాస్తున్నా.

అసలు మోసం ఎక్కడ జరుగుతుంది?

మెమరీ కార్డులో రెండు భాగాలుంటాయి. డేటా దాచే ఫ్లాష్ మెమరీ ఒకటి, దాన్ని నడిపే కంట్రోలర్ చిప్ ఇంకొకటి. ఫోన్ అయినా కెమెరా అయినా "నీ సైజు ఎంత?" అని అడిగేది కంట్రోలర్‌నే. ఫ్లాష్‌ని ఎవరూ కొలిచి చూడరు. మోసగాళ్ళు చేసేదల్లా 8 జీబీ కార్డు కంట్రోలర్‌లో "నేను 128" అని అబద్ధం రాసిపెట్టడమే. అందుకే ఫోన్ సెట్టింగ్స్‌లో 128 అని కనిపించడం దేనికీ రుజువు కాదు. ఫార్మాట్ చేసినా పట్టుబడదు, ఎందుకంటే క్విక్ ఫార్మాట్ కార్డు మొదట్లో కొంచెం రాసి ఊరుకుంటుంది.

మావయ్యకి ఇలా చెప్పాను: ఖాతా పుస్తకం అట్ట మీద 400 పేజీలు అని ఉంది, లోపల ఉన్నవి 25. మొదటి పేజీలో విషయసూచిక. 26వ పేజీ నుంచి రాసేదంతా గాల్లో రాసినట్టే, కానీ సూచికలో మాత్రం పద్దు ఎక్కుతూనే ఉంటుంది. ఫైల్ పేరు, డేట్, సైజు ఉండేది ఆ సూచికలోనే. అందుకే పేర్లు కనిపిస్తాయి, వీడియో రాదు. కొన్ని నకిలీ కార్డులు ఇంకో రకం: చోటు అయిపోగానే వెనక్కి తిరిగి పాత డేటా మీదే రాసేస్తాయి. అప్పుడు కొత్త ఫోటో ఉంటుంది, పాతది పోతుంది.

సీసీ కెమెరాలో ఇది ఇంకా ప్రమాదం. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున రికార్డ్ చేస్తే 128 జీబీలో దాదాపు 12 రోజులు పడుతుంది. 8 జీబీలో 18 గంటలే. నిండాక పాతవి చెరిపి కొత్తవి రాయడం కెమెరాకి ఎలాగూ అలవాటే కాబట్టి, ఏ ఎర్రర్ రాదు. ఫుటేజ్ అవసరం పడ్డ రోజే బయటపడుతుంది. డాష్‌క్యామ్‌లదీ ఇదే కథ.

ఫైవ్ స్టార్ రివ్యూలు అబద్ధం కాదు, అదే సమస్య

నేను కొనేముందు రివ్యూలు చదివాను. "ఫుల్ కెపాసిటీ చూపిస్తోంది, సూపర్" అని చాలామంది రాశారు. వాళ్ళు నిజమే రాశారు! కార్డు వచ్చిన రోజు ఫోన్‌లో పెట్టి, 128 చూసి, నాలుగు పాటలు కాపీ చేసి, స్టార్లు ఇచ్చేశారు. నకిలీ బయటపడేది అసలు సైజు నిండాక. అందుకే రెండు, మూడు నెలలు వాడి ఒక స్టార్ ఇచ్చినవాళ్ళ మాటలు ముందు చదవండి. "ఫోటోలు ఓపెన్ అవ్వట్లేదు", "మళ్ళీ మళ్ళీ ఫార్మాట్ అడుగుతోంది" అని ఉంటే వదిలేయండి.

ఇంకో అపోహ, "పెద్ద సైట్‌లో కొన్నాను కదా" అనుకోవడం. మన దేశంలో విదేశీ పెట్టుబడి ఉన్న ఈ-కామర్స్ కంపెనీలు సొంత సరుకు అమ్మకూడదు, మార్కెట్‌ప్లేస్‌గా మాత్రమే ఉండాలి. అంటే మీకు అమ్మేది ఆ సైట్ కాదు, దాని మీద కొట్టు పెట్టుకున్న సెల్లర్. ధర కింద చిన్న అక్షరాల్లో ఉండే ఆ పేరు మీద నొక్కండి, ఎన్నాళ్ళ నుంచి అమ్ముతున్నాడో, ఏమేం అమ్ముతున్నాడో చూడండి. ఒకే కార్డుకి పది మంది సెల్లర్లు ఉంటే సైట్ ఎవరిని ముందు చూపిస్తే వాళ్ళ దగ్గర కొనేస్తాం. నేను చేసింది అదే. మిగతావాళ్ళ రేటులో సగానికే ఎందుకు ఇస్తున్నాడని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

కార్డు మీద చూడాల్సినవి

ప్రింటింగ్ మసకగా ఉందా, స్పెల్లింగ్ తప్పుందా అని చూడమంటారు. చూడండి, కానీ దాని మీదే ఆధారపడకండి. 2010లో ఆండ్రూ "బన్నీ" హువాంగ్ అనే హార్డ్‌వేర్ ఇంజినీర్ రాసిన కేసు చదవదగ్గది. ఆయన కంపెనీ చంబీ అనే చిన్న ఇంటర్నెట్ పరికరం తయారు చేసేది. ఫ్యాక్టరీలో కింగ్‌స్టన్ పేరుతో వచ్చిన కొన్ని మైక్రో ఎస్‌డీ కార్డులు ఫెయిల్ అవుతుంటే, ఆయన చైనాలోని షెన్‌జెన్ మార్కెట్లో కూడా శాంపిల్స్ కొని, లోపలి ఐడీ నంబర్లు చదివి, పై పొర తీసి చిప్‌లు పోల్చి చూశాడు. ఫ్యాక్టరీకే అలాంటివి వచ్చాయంటే, డబ్బా చూసి మనం పోల్చుకోవడం కష్టమే.

అయితే ఒక గుర్తు మాత్రం తిరుగులేనిది. ఎస్‌డీ ప్రమాణం ప్రకారం "హెచ్‌సీ" లోగో 32 జీబీ వరకే. ఆ పైన 2 టీబీ వరకు "ఎక్స్‌సీ" ఉండాలి. 128 జీబీ అని రాసి హెచ్‌సీ లోగో ఉంటే డబ్బా విప్పకుండానే వెనక్కి పంపేయొచ్చు. ఎక్స్‌సీ లోగోతో 4 టీబీ అన్నా అంతే.

ఇంకోటి. నిజమైన 128 జీబీ కార్డు విండోస్‌లో 119 అని కనిపిస్తుంది. 64 అయితే 59, 256 అయితే 238. కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, విండోస్ 1024తో, తేడా అక్కడిది. కాబట్టి 119 చూసి నకిలీ అని కంగారు పడకండి. విండోస్‌లో సరిగ్గా 128 అని చూపిస్తేనే అనుమానపడండి.

నమ్మాల్సింది ఈ టెస్ట్‌నే

కార్డు నిజం చెప్తోందో లేదో తెలియాలంటే మొత్తం నింపి, రాసింది రాసినట్టు తిరిగి వస్తుందో లేదో చూడాలి. దీనికి రెండు ఫ్రీ టూల్స్ చాలు. విండోస్‌కి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, జర్మన్ కంప్యూటర్ పత్రిక సీ'టీకి చెందిన హరాల్డ్ బోగెహోల్జ్ రాసింది. లైనక్స్, మ్యాక్‌లకి మిషెల్ మషాడో రాసిన ఎఫ్3. ఎఫ్3 అంటే "ఫైట్ ఫ్లాష్ ఫ్రాడ్".

కార్డు ఖాళీగా ఉండాలి, అంటే ముందు ఫార్మాట్ చేయండి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఓపెన్ చేస్తే మొదట జర్మన్‌లో వస్తుంది, ఇంగ్లిష్ ఎంచుకోండి. టార్గెట్‌గా కార్డు డ్రైవ్ ఇచ్చి (దయచేసి డ్రైవ్ అక్షరం రెండుసార్లు చూసుకోండి), "ఆల్ అవైలబుల్ స్పేస్" పెట్టి, "రైట్ ప్లస్ వెరిఫై" నొక్కండి. 1 జీబీ ఫైళ్ళు వరసగా రాసుకుంటూ పోయి, తర్వాత అన్నీ చదివి పోలుస్తుంది. సెకనుకు 20 ఎంబీ స్పీడ్ వస్తే 128 జీబీ రాయడానికే దాదాపు 1 గంట 47 నిమిషాలు. చదవడానికి ఇంకో గంట వేసుకోండి. రాత్రి పెట్టేసి పడుకోవడం బెటర్. మావయ్య కార్డుకి ఎర్ర అక్షరాల్లో వచ్చింది: 7.4 జీబీ ఓకే, మిగతాదంతా "డేటా లాస్ట్".

లైనక్స్‌లో ఎఫ్3రైట్, తర్వాత ఎఫ్3రీడ్ రన్ చేయాలి. ఎఫ్3ప్రోబ్ చాలా త్వరగా తేల్చేస్తుంది కానీ అది కార్డులో ఉన్న డేటాని పాడుచేయొచ్చు, ఖాళీ కార్డు మీదే వాడండి.

పీసీ లేదా? ఫోన్‌లోని పెద్ద వీడియోలు కాపీ మీద కాపీ చేసి కార్డు పూర్తిగా నింపండి. కార్డు తీసి, ఫోన్ రీస్టార్ట్ చేసి, మళ్ళీ పెట్టండి. తీయకపోతే ఫోన్ తన ర్యామ్‌లో ఉన్నదే చూపించి మిమ్మల్ని బోల్తా కొట్టించొచ్చు. ఇప్పుడు మొదటివి, మధ్యవి, చివరివి ప్లే చేసి చూడండి.

ఇదంతా రిటర్న్ గడువులోపే జరగాలి. చాలా లిస్టింగ్‌లలో అది 7 రోజులే. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, ఎర్రర్ స్క్రీన్‌షాట్ దాచండి.

గడువు దాటిపోతే?

నాకు కస్టమర్ కేర్‌లో "రిటర్న్ టైమ్ అయిపోయింది సార్" అన్నారు. అక్కడితో ఊరుకోకండి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల్లో 6వది ఏం చెప్తుందంటే, సరుకు లోపంతో ఉన్నా, నకిలీ అయినా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా మార్కెట్‌ప్లేస్‌లోని సెల్లర్ వెనక్కి తీసుకోననడానికి, డబ్బు ఇవ్వననడానికి వీల్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఆన్‌లైన్‌లోనే వెళ్ళొచ్చు, గడువు రెండేళ్ళు, 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. నేను 1915 దగ్గరే ఆగాను. ఇన్‌వాయిస్, స్క్రీన్‌షాట్ పెట్టాక కొన్ని వారాలకి 499 తిరిగొచ్చింది.

ఇప్పుడు కెమెరాలో "హై ఎండ్యూరెన్స్" రకం కార్డు ఉంది, రోజంతా రాసే పనికి తయారైనది. బిగించేముందు రాత్రంతా టెస్ట్ చేశాను. పాత కార్డు సెల్లర్ వెనక్కి అడగలేదు. ఎఫ్3ఫిక్స్‌తో దాన్ని అసలు సైజుకి కుదించి, తాతయ్య కీప్యాడ్ ఫోన్‌లో ఘంటసాల పాటలు ఎక్కించి ఇచ్చాను. పోతే మళ్ళీ ఎక్కించొచ్చు.