జ్ఞాపకశక్తి సీసా: లైసెన్సు చూశారా?

ఇంటర్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే మందుల షాపుల్లో బ్రాహ్మి, శంఖపుష్పి, అశ్వగంధ సీసాలు ముందు వరసలోకి వచ్చేస్తాయి. 'నెలలో జ్ఞాపకశక్తి రెట్టింపు' అన్న మాట చూసి తల్లిదండ్రులు కొంటారు. ఫలితం లేకపోతే 'మూలికలే కదా, పోనీలే' అని ఊరుకుంటారు.

చట్టం ఊరుకోమనలేదు. ముందు లైసెన్సు చూడాలి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుంటే అది ఆహారం కిందికొచ్చే సప్లిమెంటు. 'వైద్య అవసరాలకు కాదు' అని లేబుల్ మీద రాసి తీరాలి. ఆయుర్వేద మందయితే డ్రగ్ లైసెన్సు నంబరుంటుంది. మందే అయినా మెదడు జబ్బులు, మూర్ఛ, పక్షవాతం నయం చేస్తుందని జనానికి ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది.

పేరులోనూ చిక్కుంది. తెలుగువాళ్ల సరస్వతి ఆకు మండూకపర్ణి, అంటే సెంటెల్లా ఏషియాటికా. ఆయుర్వేద ఫార్మకోపియా చెప్పే బ్రాహ్మి వేరు, అది బకోపా మొన్నియేరి. బజారులో రెండూ బ్రాహ్మిగానే చలామణి అవుతాయి. బకోపాను మూడు నెలలు వాడితే జ్ఞాపకం కాస్త మెరుగైనట్టు కొన్ని చిన్న పరీక్షల్లో తేలింది. రెట్టింపు మాట అక్కడ లేదు. గింకో అనే మరో మూలిక సంగతి ఇంకా తీసికట్టు. అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3,069 మందిపై జరిపి 2008లో వెల్లడించిన పరీక్షలో అది డిమెన్షియాను ఆపలేకపోయింది. పైగా రక్తాన్ని పలచబరిచే మాత్రలు వేసుకునేవారికి దానితో రక్తస్రావం ముప్పు.

ఫిర్యాదుతో ఒరిగేదేమిటంటారా? కేరళలోని త్రిస్సూర్‌లో ఓ వినియోగదారుడు మూలికల కేశ క్రీముపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాడు. ప్రకటనలో నటించిన సినీ నటుడు తాను ఆ క్రీము వాడలేదని, తల్లి కాచిన నూనే రాసుకుంటానని ఒప్పుకున్నాడు. తయారీదారుకు, నటుడికి చెరి 10 వేల రూపాయల జరిమానా పడింది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు.

మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తేలకపోతే సొంత జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, కానీ రెండేళ్ల లోపు వేయాలి. సరుకు ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. బిల్లు, మిగిలిన సీసా దాచాలి. ప్రకటనను తేదీతో సహా ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవాలి. నోటీసు అందగానే చాలా ప్రకటనలు మాయమవుతాయి.