విద్యుత్ కారు – దూరపు లెక్క

వై.ఎస్.ఆర్. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం గనికి ప్రసిద్ధి చెందింది. అణువిద్యుత్తుకు మూలమైన ఖనిజాన్ని వెలికితీసే ఆ గ్రామంలో ఒక కుటుంబం విద్యుత్ కారు కొనదలచిందనుకొందాం. వారికి కలిగే మొదటి సందేహం: చిన్న బ్యాటరీ చాలునా? పెద్దది కావలెనా?

పెట్రోలును లీటర్లలో కొలిచినట్లే బ్యాటరీ సామర్థ్యాన్ని కిలోవాట్ అవర్లలో కొలుస్తారు. ఒక కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులోని ఒక యూనిట్. 2022 సెప్టెంబరులో విడుదలైన టాటా టియాగో విద్యుత్ కారు 19.2, 24 యూనిట్ల బ్యాటరీలతో రెండు రకాలుగా వచ్చింది. ఒకసారి పూర్తిగా ఛార్జి చేస్తే మొదటిది 250, రెండవది 315 కిలోమీటర్లు నడుస్తాయని నాటి ప్రామాణిక పరీక్షలు తెలిపాయి.

అయితే పరీక్షశాల వేరు, కడప ఎండ వేరు. ఏ.సి. వాడకం, వేగం, బరువు ఈ దూరాన్ని తగ్గిస్తాయి. అందుచేత ప్రకటించిన దూరంలో మూడింట రెండు వంతులే లభిస్తుందని భావించడం వివేకం. అందులో ఐదవ వంతును అత్యవసరానికి మిగుల్చుకోవాలి. ఈ లెక్కన చిన్న బ్యాటరీతో సుమారు 133, పెద్ద బ్యాటరీతో 168 కిలోమీటర్లు నిశ్చింతగా ప్రయాణించవచ్చు.

నిత్యం పులివెందులకు వెళ్ళివచ్చేవారికి చిన్న బ్యాటరీయే చాలును. రాత్రివేళ ఇంటి వద్ద ఛార్జి చేసుకొంటే ఉదయానికి కారు సిద్ధం. కాని జిల్లా కేంద్రమైన కడప సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది, రానుపోను 140. ఇంట్లో పెద్దలకు జబ్బుచేసి కడప ఆసుపత్రికి తీసుకొనిపోవలసి వస్తే, చిన్న బ్యాటరీతో తిరుగు ప్రయాణంలో మిగుల్చుకొన్న భాగాన్ని ముట్టుకోక తప్పదు. ఏళ్ళు గడిచేకొద్దీ బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది కనుక ఆ కొరత మరింత పెరుగుతుంది. కడపలో ఛార్జి చేసుకొనే వీలు లేనివారికి పెద్ద బ్యాటరీయే శ్రేయస్కరం.

ఇక ఏడాదికొకసారి చేసే తిరుపతి యాత్ర కోసం ఇంకా పెద్ద బ్యాటరీ కొనడం అనవసరం. విద్యుత్ కారులో అత్యంత ఖరీదైన భాగం బ్యాటరీయే. దారిలో ఒక గంట ఆగి, వేగంగా ఛార్జి చేసే కేంద్రాన్ని వినియోగించుకొంటే యాత్ర సాగిపోతుంది. నిత్యావసరాన్నీ, ఆపద్సమయాన్నీ లెక్కించి కొన్నవాడే మంచి కొనుగోలుదారుడు.

ప్రశ్నలు
1. ప్రకటిత దూరానికీ, వాస్తవ దూరానికీ భేదమెందుకు?
2. మీ గ్రామం నుండి జిల్లా కేంద్రానికి వెళ్ళిరావడానికి ఏ బ్యాటరీ తగినది? లెక్కించి వివరించండి.