న్యాయ సలహా: మౌనముతో సాగెడి చందా

చందా అను మాట తెలుగు గృహములకు క్రొత్తది కాదు. మాసపత్రికకు సంవత్సర చందా మనియార్డరుగా పంపి, సంచిక రాని నెలలో తన చందా సంఖ్య నుదహరించుచు కార్యాలయమునకు కార్డు వ్రాసి, వీధి అరుగుపై కూర్చుండి తపాలావానిని నిలువదీసిన పెద్దలను చూచినవారు మనలో నేటికిని కలరు. ఆ చందాకు ఒక కొలత యుండెను: ఏడాదికి 12 సంచికలు, వాని కింత వెల. దాని కొక అంతమును ఉండెను. చివరి సంచికలో ‘మీ చందా ఈ నెలతో ముగిసినది’ అను చీటి వచ్చెడిది, ఆ చీటికి బదులు పలుకక యూరకున్నచో పత్రిక తనంతట నిలిచిపోయెడిది. నేడు యూట్యూబులోనో, ఇన్‌స్టాగ్రాములోనో, టెలిగ్రాములోనో ఒక గాయకునకో, వంటలు నేర్పు ఇల్లాలికో, పోటీపరీక్షల బోధకునకో నెలకింత యని మనము కట్టు చందా దీనికి కేవలము విపరీతము. మన మూరకున్నంత కాలము అది సాగుచునే యుండును.

‘ఈ చందా పెట్టిన సొమ్మునకు తగునా?’ అని న్యాయవాది నడుగుట వింతగా తోచవచ్చును గాని, ఇటీవల నన్నీ ప్రశ్న అడుగువారు పెక్కండ్రు. ఇందులో సగమునకే చట్టము సమాధాన మీయగలదు. గానము రుచించలేదనియో, బోధకుని ధోరణి నచ్చలేదనియో ఏ వినియోగదారుల కమిషనును సొమ్ము తిరిగి యిప్పింపదు. 2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టము సేవాలోపమని దేనిని చెప్పుచున్నదో గమనింపుడు: చట్టము కోరిన విధముగా గాని, ఒప్పందము మేరకు తాను చేయుదునని అంగీకరించిన విధముగా గాని చేయకపోవుట, కావలసిన సమాచారమును బుద్ధిపూర్వకముగా దాచుట. అనగా లోపమును కొలుచు తూనికరాయి మీ రసజ్ఞత కాదు, ఎదుటివాని మాట. ‘మా సభ్యులైనచో మీ జీవితమే మారిపోవును’ అనుట సంతలో గాజులమ్మువాని కేక వంటిది. దానిని పట్టుకొని వ్యాజ్యము నడపజాలము. ‘వారమునకు రెండు ప్రత్యక్ష తరగతులు, ప్రతి ఆదివారము ఒక నమూనా పరీక్ష’ అని వ్రాసియుండుట వాగ్దానము. తరగతులు రెండింటికి మారుగా నెలకొకటి జరిగినచో అది లోపము.

ఇచట మరియొక భేదము నెఱుగవలయును. ఉచితముగా లభించు వీడియో ఎంత నాసిరకమైనదైనను, వెల పుచ్చుకొనక చేసినదానిని ఈ చట్టము ‘సేవ’గా నెంచదు; ‘జాయిన్’ మీట నొక్కి రుసుము చెల్లించినపుడే మీకు వినియోగదారు హోదా వచ్చును. అట్లని చెల్లించిన ప్రతి పైకమును వెల కాదు. ప్రత్యక్ష ప్రసారము నడుచుచుండగా అభిమానముప్పొంగి సూపర్‌చాట్ రూపమున పంపిన నూరు రూపాయలు, హరికథ మధ్యలో పళ్లెములో వేసిన సంభావన వంటివి. కథకుడు మీ పేరు చదివినను చదువకున్నను వానిని తిరిగి యడుగుట కష్టము. కావున మీట నొక్కుటకు ముందు, ఇది సంభావనయా, కొనుగోలా అని తమ్ము తామే ప్రశ్నించుకొనుట మేలు. సంభావన యైనచో లెక్కలు వలదు, సంతోషముగా నిండు.

కొనుగోలైనచో మాత్రము నిర్దయగా లెక్కింపవలయును. గ్రూప్-2 పరీక్షకు చదువు కుమారునికై ఒక తల్లి నెలకు 499 రూపాయల సభ్యత్వము కట్టినదనుకొందము. ఏడాదికి 5,988 రూపాయలు. ఆ పేజీలో ‘సభ్యులకు ముందుగా’ అని వ్రాసిన వీడియోలే నాలుగు దినముల తరువాత అందరికిని ఉచితముగా లభించుచున్నచో, ఆమె కొన్నది విద్య కాదు, నాలుగు దినముల తొందర. పేరు ప్రక్కన వెలయు బిళ్ళయు, ప్రత్యేకమైన బొమ్మలును పరీక్షలో మార్కులు తేవు. ఇక మిగిలినవి సభ్యులకే ప్రత్యేకమైన తరగతులు, ప్రశ్నలకు సమాధానములు. వానిలో బోధకుడు పెట్టినవెన్ని యని గాక, కుమారుడు వాస్తవముగా చూచినవెన్ని యని మూడు నెలలు గోడ క్యాలెండరుపై గుర్తులు పెట్టినచో, తగునా తగదా యను ప్రశ్నకు ఆ గుర్తులే బదులు చెప్పును. ఏడాది మొత్తము ఒక్కమారు కట్టినచో తగ్గింపు ఇత్తుమను మాటకు లొంగుటకు ముందు ఒక్క నెల కట్టి చూచుట ఉత్తమము.

షేర్ల మార్కెట్టులో ఏది కొనవలయునో చెప్పెదమను టెలిగ్రాము చందాల విషయమున ‘తగునా’ యను విచారమే యనవసరము. అట్టి సలహా వెలకు విక్రయించువారు సెబీ వద్ద నమోదైయుండవలయును. పరిశోధక విశ్లేషకుని నమోదు సంఖ్య ఐఎన్‌హెచ్ అనియు, పెట్టుబడి సలహాదారునిది ఐఎన్‌ఏ అనియు ఆరంభమగును. ఆ సంఖ్యను, ఆ పేరును సెబీ వెబ్‌సైటులో సరిచూడుడు. నమోదైనవారును లాభమునకు హామీ ఈయరాదు. కనుక హామీ వినబడినచోటనే సంచి మూతి బిగించుకొనవచ్చును.

చేరుట కొక్క మీట, వెడలుట కేడు ద్వారములు అనునట్టి కపటమును మన ప్రభుత్వము పేరుపెట్టి నిషేధించినది. 2023 నవంబరు 30 నాడు వెలువడిన డార్క్ ప్యాటర్నుల మార్గదర్శకములలో పేర్కొన్న 13 మోసపు పోకడలలో ‘చందా ఉచ్చు’ ఒకటి. రద్దు చేయు మార్గమును దాచుట, దానిని సుదీర్ఘముగా, అయోమయముగా చేయుట మాత్రమే గాక, ఉచిత చందా కొరకే చెల్లింపు వివరములనో ఆటోపే అనుమతినో బలవంతముగా పుచ్చుకొనుటయు ఇందులో చేరును. ముందుగానే గుర్తు పెట్టియుంచిన గడి సమ్మతి కాదని 2020 నాటి ఈ-కామర్సు నియమములు స్పష్టము చేసినవి.

వెనుకటి పత్రికల చీటిని మరల మన చేతికిచ్చినది రిజర్వు బ్యాంకు. కార్డు నుండి గాని, యూపీఐ ఆటోపే నుండి గాని ఇట్టి చందా సొమ్ము తీయుటకు కనీసము 24 గంటల ముందు ఖాతాదారునికి సందేశము పంపవలెననియు, ఆ విడత చెల్లింపును గాని మొత్తము అనుమతిని గాని రద్దు చేసికొను అవకాశ మీయవలెననియు నిబంధన. చందాదారుని ప్రతి నెలయు ఓటీపీ అడుగకుండ తీయదగిన మొత్తమునకు 2022 జూనులో 15,000 రూపాయల పరిమితి నిర్ణయమైనది. మన 159, 499 రూపాయల చందాలన్నియు దాని క్రిందనే నిశ్శబ్దముగా జారిపోవును. ఫోనులోనుండి యాప్ తీసివేసినంత మాత్రమున చందా తెగిపోదని కూడ ఎఱుగుడు. పత్రికను అటకపై పారవేసినంతనే తపాలా ఆగదు గదా! యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగమునకో, ప్లేస్టోరులోని చందాల పట్టికకో పోయి, రద్దు చేసి, ఆ రద్దుకు స్క్రీన్‌షాట్ తీసి యుంచుకొనవలయును.

వాగ్దానభంగము నిజమైనపుడు మొదట ఆ వేదికయొక్క ఫిర్యాదుల అధికారికి వ్రాయుడు. ఈ-కామర్సు సంస్థలోని ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినదని తెలిపి, నెల దినములలో పరిష్కరింపవలెను. పిదప జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యపై ఫోను చేయవచ్చును. పెక్కు చిన్న తగవులు ఇచటనే తీరును. అప్పటికిని తీరకున్నచో జిల్లా కమిషను. చందా అమ్మినవాడు ముంబయిలో నున్నను, మీరు నివసించు గుంటూరులోనో వరంగల్లులోనో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. కారణము పుట్టిన రెండేండ్లలోపల చేయవలయును. కావలసిన సాక్ష్యములు రెండే: చందా కట్టిన నాటి వాగ్దానపు పేజీ చిత్రము, సొమ్ము ఎవరికి ముట్టినదో తెలుపు రసీదు. మొదటిదానిని కట్టిన దినముననే తీసియుంచుకొనుడు. ఆ పేజీని వారెప్పుడైనను మార్చివేయగలరు.

ఇంత చెప్పిన నేను స్వయముగా ఒక పద్యగాన ఛానలుకు నెలకు 159 రూపాయల చొప్పున ఏడు నెలలు, వెరసి 1,113 రూపాయలు కట్టితిని. మొదటి నెలలో మూడు పద్యములు వినబడినవి, పిమ్మట నిశ్శబ్దము. వ్యాజ్యోత్సాహముతో నాడు తీసియుంచిన చిత్రమును తెరచి చూచితిని; ‘సభ్యులకు అప్పుడప్పుడు ప్రత్యేక గానము’ అని యుండెను. ‘అప్పుడప్పుడు’ అను మాటకు ఏ కమిషను వద్దను కొలత లేదు. బ్యాంకు సందేశములు మాత్రము, తెరువకుండనే ఏడును వరుసగా, గ్యాసు సిలిండరు సందేశముల నడుమ నుండెను. ఆ రాత్రి ఆటోపే రద్దు చేసి పడుకొంటిని.