మన పలుకుబడులు - వాని ప్రయోజనము

ఇల్లు విడిచి బయలుదేరునపుడు మనము "పోయొస్తాను" అందుము. "పోతాను" అని అనము. విషయము తెలుపుటకు "పోతాను" అన్నను చాలును గదా! కాని ఆ మాట మరణమును స్ఫురింపజేయును. "పోయొస్తాను" అనునది తిరిగి వత్తునని ధైర్యము చెప్పును. ఇట్లు సందర్భమునకు కట్టుబడి, మార్పు లేక వాడబడు మాటలను పలుకుబడులందుము. విషయమును తెలుపుటకంటె మనుష్యుల నడుమ మర్యాదను, ఆదరమును నిలుపుటయే వీని ముఖ్యమైన పని.

బేతమంగళవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. కన్నడము మన రాష్ట్రమునకు అధికారభాష. తెలుగు అనేకుల ఇంటిభాష. గనుల పనికై వచ్చినవారి వలన సమీపమున గోల్డ్ ఫీల్డ్సులో తమిళము విస్తరించినది. 2001లో ఆ బంగారు గనులు మూతపడినను ఈ మూడు భాషలును నిలిచియున్నవి. సెలవు తీసికొనునపుడు కన్నడిగులు "హోగి బర్తీని" అందురు. తమిళులు "పోయిట్టు వరేన్" అందురు. మూడు భాషలందును పోవుటకు వచ్చుట తోడుగా నున్నది.

దూరదేశములందును ఇట్టివి కలవు. హీబ్రూ మాటలాడువారు ఒకరినొకరు కలిసినపుడు "మా నిష్మా" అని పలుకరింతురు. "ఏమి వినబడుచున్నది?" అని దానికి పదార్థము. చెవిని బడు ధ్వనులను వర్ణింప నక్కరలేదు; "బెసెదెర్", అనగా "అంతా సక్రమమే" యన్న చాలును. ఈ పలుకరింపు యూరోపు యూదుల యిద్దిషు భాషనుండి అనువాదముగా వచ్చినది. మన "ఏమి సమాచారం?" అను ప్రశ్నయు నిట్టిదే.

అయినను ప్రతి పలుకుబడిని మాటకు మాటగా వేరు భాషలోనికి మార్చజాలము. దీపము ఆరినపుడు "కొండెక్కింది" అందుము. ఇంట బియ్యము లేనపుడు "బియ్యం నిండుకున్నాయి" అందుము. లేవనుట అశుభమని పెద్దలు ఎదురు మాట వాడిరి. "నిండు" అను పదము నొక్కదానినే ఎరిగిన బాలుడు బియ్యము సమృద్ధిగా నున్నదని తలచును!

పాఠ్యపుస్తకము అక్షరములను, వ్యాకరణమును నేర్పును. సందర్భమును నేర్పవలసినది ఇల్లే. కావున తలిదండ్రులు ఇట్టి మాటలను పిల్లల యెదుట మానక వాడవలెనని మా కోరిక. పెద్దలు అనుట మానిన పలుకుబడి ఒక్క తరములోనే మరుగున పడును.

విద్యార్థులారా! ఈ వారము మీ ఇంట విన్న పలుకుబడులను పదింటిని వ్రాసికొనుడు. ఎవరు, ఎవరితో, ఏ సమయమున ననిరో గూడ వ్రాయుడు. అది లేనిచో పలుకుబడికి అర్థము సగమే తెలియును.