కాన్పులో మూడు దశలు

తొమ్మిదో నెల వచ్చిన తల్లికి మనసులో ఒకటే దిగులు, నొప్పులు ఎట్లా ఉంటాయో, ఎంతసేపు ఉంటాయో అని. ఏం జరగబోతున్నదో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. ఈ నాలుగు మాటలు మీరు చదవండి, ఇంట్లో అత్తగారికీ, భర్తకూ వినిపించండి.

నడుములో మొదలై పొత్తికడుపులోకి దిగుతూ, రాను రాను దగ్గర దగ్గరగా, గట్టిగా వచ్చేవి కాన్పు నొప్పులు. ఎప్పుడో ఒకటి వచ్చి, కాసేపు పడుకుంటే సర్దుకునేవి దొంగ నొప్పులు.

మొదటి దశ: గర్భసంచి మూతి తెరుచుకోవడం

బిడ్డ బయటికి రావాలంటే ఈ మూతి 10 సెంటీమీటర్లు తెరుచుకోవాలి. తొలిచూలుకు 12 గంటలో, అంతకంటే ఎక్కువో పట్టవచ్చు. తర్వాతి కాన్పులకు ఇంత సమయం పట్టదు. అటూ ఇటూ నడవండి. మంచినీళ్ళు, జావ తాగండి. మూత్రం ఆపుకోవద్దు. ఈ దశలో ముక్కకూడదు. ముక్కితే మూతి వాస్తుంది, ఒంట్లో బలమూ వృథా.

రెండవ దశ: బిడ్డ పుట్టడం

మూతి పూర్తిగా తెరుచుకున్నాక విరేచనానికి వచ్చినట్లు ముక్కాలనిపిస్తుంది. నొప్పి వచ్చినప్పుడు ముక్కండి, తగ్గినప్పుడు ఊపిరి పీల్చుకుని సేదతీరండి. తొలిచూలుకు 2, 3 గంటలు పట్టవచ్చు, మలిచూలుకు సాధారణంగా అంతసేపు పట్టదు. పొట్టమీద ఎవరినీ అదమనివ్వకండి.

మూడవ దశ: మాయ పడటం

బిడ్డ ఏడుపు వినగానే గండం గడిచిందనుకుంటారు. కాని తల్లి ప్రాణానికి అసలు గండం ఇక్కడే ఉంది. మాయ అరగంటలోపు పడాలి. పడకపోయినా, రక్తం ధారగా పోతున్నా, 5 నిమిషాల్లోనే గుడ్డ తడిసిపోతున్నా ఆలస్యం చేయరాదు. ఆసుపత్రిలో బిడ్డ పుట్టిన నిమిషంలోపే తల్లికి ఆక్సిటోసిన్ సూది వేస్తారు. దానితో గర్భసంచి ముడుచుకుని రక్తం కట్టుబడుతుంది. ఇదే సూదిని నొప్పులు పెరగాలని ఇంటి దగ్గర వేయించుకుంటే గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది. గంటలోపే బిడ్డకు ముర్రుపాలు పట్టండి. బిడ్డ చీకుతుంటే కూడా గర్భసంచి ముడుచుకుంటుంది.

ఎప్పుడు బయలుదేరాలి?

నొప్పులు క్రమంగా రావడం మొదలైతే బయలుదేరండి. ఉమ్మనీరు పోయినా, ఎర్రగా రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్ వచ్చినా నొప్పులకోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. అర్ధరాత్రి అయినా సరే, తెల్లవారనిద్దాం అనుకోవద్దు.

మరొక మాట. బిడ్డకూ బిడ్డకూ కనీసం 3 ఏళ్ళ ఎడం ఉంటే తల్లి కోలుకుంటుంది. మాయ పడిన వెంటనే గాని, 48 గంటలలోపు గాని కాపర్-టి వేయించుకోవచ్చు. నొప్పుల మధ్య తేల్చుకునే సంగతి కాదిది. భార్యాభర్తలు ముందే మాట్లాడుకుని, మీ నిర్ణయం నర్సమ్మకు చెప్పండి.