ఇంటింటి లెక్కలు – సవరణల ఆవశ్యకత

ప్రజల స్థితిగతులు తెలియక చేయు ప్రణాళిక చీకటిలో విసిరిన రాయి వంటిది. అందులకే ప్రభుత్వములు ఇంటింటి వివరములు సేకరించుచుండును. అయితే ఒకసారి వ్రాసినదంతయు సత్యమని భావించుట పొరపాటు.

దోషములు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది వదలివేత: తాళము వేసిన ఇల్లు లెక్కలోనికి రాదు. 2011 జనాభా లెక్కల పిదప జరిపిన పరిశీలనలో వెయ్యికి 23 మంది చొప్పున నికరముగా తప్పిపోయినట్లు తేలినది. రెండవది వయస్సు: సరిగా ఎరుగనివారు 50, 60 అని పదుల లెక్కన చెప్పుదురు. మూడవది పేరు: ఉర్దూలో ఒకే తీరున నుండు పేరు తెలుగులో మహమ్మద్, మొహమ్మద్, ఎం.డి. అని మూడు రూపములు దాల్చును. రేషను కార్డులోని పేరు బడి రిజిస్టరుతో కలియక విద్యార్థి వేతనమే ఆగిపోవచ్చును.

2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి సర్వే ఆరంభమైనది. 96.9 శాతము కుటుంబములు నమోదైనవని ప్రకటించిన పిమ్మట, మిగిలినవారికి 2025 ఫిబ్రవరి 16 నుండి 28 వరకు మరల అవకాశమొసగిరి. ఇది మెచ్చదగిన పద్ధతి.

నేడు వివరములన్నియు కంప్యూటరులోనికి ఎక్కుచున్నవి. అందు దిద్దుట సులభము. దిద్దిన జాడ మాయమగుట మరింత సులభము. కావున పాత అంకెను చెరుపక, క్రొత్తదాని ప్రక్కన తేదీని, కారణమును వ్రాసి ప్రకటింపవలెనని మేము తలంతుము.

విద్యార్థులారా! తప్పు నొప్పుకొని దిద్దిన లెక్కయే నమ్మదగినది. గణకుడు మన గుమ్మమున నిలిచినపుడు పత్రములు చూచి చెప్పుదము. వ్రాసినదానిని చదివించి విందము.